మెటియాబ్రుజ్ నీరు, ఫరక్కా గేట్లు

2016వ సంవత్సరం ఆగస్టు నెలలో గంగానది బీహారు రాష్ట్రంలో పొంగి ప్రవహించినది. పట్నా మొదలు భాగల్పూర్ వరకు తీర ప్రాంతాలు అనేకం నీట మునిగినవి. ఆ సమయంలో బీహారు ముఖ్యమంత్రి నితీశ్ కుమార్ ప్రధానమంత్రి నరేంద్ర మోదీని కలిసి ఒక విజ్ఞప్తి చేశారు. పశ్చిమ బెంగాల్‌లోని ఫరక్కా బ్యారేజి వల్ల గంగ గర్భంలో ఒండ్రు పేరుకొనిపోతున్నదనీ, నది మెరక అయి వరదలు పెరుగుతున్నవనీ, బ్యారేజిని తొలగించుటయే శాశ్వత పరిష్కారమనీ ఆ విజ్ఞప్తి సారాంశం. అప్పటికి బ్యారేజి వయస్సు 41 సంవత్సరాలు.

ఈ ప్రశ్నకు ఒక కొస పట్నాలో ఉన్నట్లే, మరొక కొస కోల్‌కతా నగరపు నైరుతి భాగంలో, హుగ్లీ నది ఎడమ గట్టున ఉన్న మెటియాబ్రుజ్‌లో ఉన్నది. ఫరక్కాకు సుమారు 300 కిలోమీటర్ల దక్షిణాన ఉన్న ఈ పేటలో కుళాయి నుండి వచ్చే నీటి రుచి సహితం ఫరక్కా గేట్లపై ఆధారపడి ఉన్నది. పాత ఆనకట్టను తొలగించుట అనగా ఏమి, దానికి ఎవరు మూల్యం చెల్లించవలెను, ఏది ముందు, ఏది వెనుక అన్న విషయాలను ఈ రెండు కొసలనుండి పరిశీలించుట అవసరం.

మట్టి బురుజు

మెటియాబ్రుజ్ అను పేరు తెలుగువారికి కొత్తగా తోచదు. 'మటియా' అనగా మట్టితో చేసినది. 'బుర్జ్' అనగా బురుజు. పూర్వం నదికి కాపలాగా ఇక్కడ నిలిచిన మట్టి బురుజు వల్ల ఈ పేరు వచ్చినది. 1856లో ఈస్టిండియా కంపెనీ అవధ్ రాజ్యాన్ని కలుపుకొన్న పిమ్మట నవాబు వాజిద్ అలీ షా లక్నో విడిచి కలకత్తా చేరి, ఇక్కడి నదీతీర భవనాలలో స్థిరపడ్డారు. 1887లో మరణించు వరకు ఆయన నివాసం ఇదే. ఆయన వెంట వచ్చిన గాయకులు, నర్తకులు, వంటవారు, దర్జీలు ఇక్కడ ఒక చిన్న లక్నోను నెలకొల్పారు. ఠుమ్రీ గానం, కథక్ నృత్యం బెంగాల్‌లో వ్యాపించుటకు ఈ పేట ఒక ముఖ్య కారణం. నేడు మెటియాబ్రుజ్ దుస్తుల కుట్టుపనికి, దుస్తుల సంతకు ప్రసిద్ధి పొందినది.

దీనిని ఆనుకొని ఉన్న గార్డెన్ రీచ్ ప్రాంతంలో నౌకా నిర్మాణ కేంద్రం ఉన్నది. 1884లో మొదలైన ఈ సంస్థను 1960లో భారత ప్రభుత్వం స్వాధీనం చేసుకొన్నది. సమీపంలోని కిద్దిర్‌పూర్ డాక్ 1892 నాటిది. గార్డెన్ రీచ్‌లోనే ఆగ్నేయ రైల్వే ప్రధాన కార్యాలయం కలదు. 2003 వరకు వాల్తేరు డివిజన్ ఆ రైల్వేలో అంతర్భాగం. అందువల్ల ఉత్తరాంధ్ర కుటుంబాలు అనేకం ఖరగ్‌పూర్‌లోను, ఈ నదీతీరంలోను తరతరాలుగా జీవిస్తున్నవి. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం తెలుగును రాష్ట్ర అధికార భాషలలో ఒకటిగా గుర్తించుటకు నిర్ణయించినది. హిందీ, ఉర్దూ, బెంగాలీ, తెలుగు మాట్లాడే ఇళ్లన్నిటికీ నీరిచ్చేది ఒక్క హుగ్లీయే.

నది ఒడ్డున ఉప్పునీటి భయం

నిండుగా పారే నది ఒడ్డున ఉన్నవారికి నీటి కొరత ఏమిటన్న సందేహం కలుగవచ్చును. హుగ్లీ కోల్‌కతా వద్ద పోటుపాట్లు గల నది. సముద్రం సుమారు 200 కిలోమీటర్ల దూరాన ఉన్నప్పటికీ, ప్రతిదినం రెండుమార్లు పోటు నీరు నగరాన్ని దాటి ఎగువకు వస్తుంది. పోటు వేగంగా వస్తూ ఇసుకను, ఒండ్రును మోసుకొని వస్తుంది; పాటు మెల్లగా వెనుదిరుగుతుంది. పైనుండి మంచినీరు బలంగా దిగివచ్చినప్పుడే ఆ ఒండ్రు తిరిగి సముద్రానికి పోతుంది. ఉప్పదనం దిగువనే ఆగుతుంది. పైనీరు తగ్గినచో నది పూడిపోతుంది, ఉప్పు పైకి ఎగబాకుతుంది.

ఆ పైనీరు కొన్ని శతాబ్దాలుగా క్షీణించినది. ఒకప్పుడు గంగ ప్రధాన ప్రవాహం భాగీరథి మార్గాన హుగ్లీలోకి వచ్చేది. 16వ శతాబ్ది ప్రాంతాన అది తూర్పుకు జరిగి పద్మా నదిగా ప్రవహించసాగినది. భాగీరథి ముఖద్వారం ఇసుకతో మూసుకొనిపోయి, వానకాలపు నెలలలో తప్ప గంగతో దానికి సంబంధం లేకపోయినది. 1960 దశకంలో వేసవి వచ్చినచో నగరానికి నీరిచ్చే పల్తా కేంద్రం వద్ద సహితం ఉప్పదనం ఆందోళన కలిగించేది. పెద్ద ఓడలు కలకత్తా రేవుకు రాలేకపోయినవి.

కాటన్ నుండి కె. ఎల్. రావు వరకు

భాగీరథికి గంగనీటిని మళ్లించవలెనను ఆలోచన చాల పాతది. గోదావరిపై ధవళేశ్వరం ఆనకట్టను 1847-1852 మధ్య నిర్మించిన సర్ ఆర్థర్ కాటన్, 1850 దశకంలోనే గంగపై రాజమహల్ ప్రాంతాన అడ్డుకట్ట నిర్మించి హుగ్లీని కాపాడవచ్చునని సూచించారు. శతాబ్ది గడచిన పిమ్మట, 1957లో జర్మన్ నిపుణుడు వాల్టర్ హెన్సెన్ ఇదే అభిప్రాయాన్ని బలపరిచారు. 1961లో పని మొదలైనది. నిర్మాణ కాలంలో అధిక భాగం, అనగా 1963 నుండి 1973 వరకు, కేంద్ర నీటిపారుదల శాఖ బాధ్యతలు వహించినవారు కృష్ణా జిల్లాకు చెందిన ఇంజనీరు డాక్టర్ కానూరి లక్ష్మణరావు. 1975 ఏప్రిల్ 21న బ్యారేజి పనిచేయ నారంభించినది.

ఆనకట్టకు, బ్యారేజికి గల భేదం ఇక్కడ గ్రహించవలెను. పాత ఆనకట్ట ఒక గట్టి గోడ. నీరు దాని మీదుగా పొర్లిపోతుంది. బ్యారేజి గేట్ల వరుస. గేట్లు దించినప్పుడు ఎగువన నీటిమట్టం లేస్తుంది, ఎత్తినప్పుడు నీరు సాగిపోతుంది. సుమారు 2,240 మీటర్ల పొడవు గల ఫరక్కా బ్యారేజి పెద్ద జలాశయం కాదు. నీటిమట్టాన్ని కొంత లేపి, సుమారు 38 కిలోమీటర్ల కాలువ ద్వారా గంగనీటిని భాగీరథిలోకి పంపుటయే దాని పని. ఆ కాలువ సామర్థ్యం 40,000 క్యూసెక్కులు. సెకనుకు ఒక ఘనపు అడుగు ప్రవాహాన్ని క్యూసెక్కు అంటారు. అది సుమారు 28 లీటర్లు.

కలిగిన మేలు, కలిగిన కీడు

కాలువలో నీరు పారిన తరువాత హుగ్లీలో ఉప్పదనం తగ్గినది. గార్డెన్ రీచ్ నీటిశుద్ధి కేంద్రం నదినుండి నేరుగా నీరు తీసుకొని మెటియాబ్రుజ్, బెహాలా మొదలైన ప్రాంతాలకు అందిస్తున్నది. ఫరక్కాలోని 2,100 మెగావాట్ల బొగ్గు విద్యుత్కేంద్రం ఆ కాలువ నీటిపైననే ఆధారపడినది. 2016 మార్చిలో కాలువ నీటిమట్టం పడిపోయి, ఆ కేంద్రంలోని యూనిట్లను కొన్నాళ్లు ఆపవలసి వచ్చినది. బ్యారేజి మీదుగా రైలు, రహదారి వెళ్లుచున్నవి. 1986లో ప్రకటించబడిన మొదటి జాతీయ జలమార్గం ఈ కాలువ గుండా పోతుంది.

అయితే రేవు విషయంలో ఆశించినంత ఫలితం కలుగలేదు. నదిలో పూడిక తీసే పని ఆగలేదు. దానికి కేంద్ర ప్రభుత్వం సబ్సిడీ ఇవ్వవలసి వచ్చినది. పెద్ద ఓడల కొరకు దిగువన హల్దియా డాక్ 1977లో ప్రారంభమైనది.

బ్యారేజికి ఎగువన ఒండ్రు నిలిచి, నది గట్లను కోయసాగినది. మాల్దా జిల్లాలో పంచానందపూర్ వంటి ఊళ్లు, దిగువన ముర్షిదాబాద్ జిల్లాలో పొలాలు, బడులు, మసీదులు, ఆలయాలు గంగ పాలైనవి. ఇట్టి ప్రమాదం గురించి పశ్చిమ బెంగాల్ ఇంజనీరు కపిల్ భట్టాచార్య నిర్మాణానికి పూర్వమే హెచ్చరించారు. ఆనాడు ఆ మాటకు ఆదరణ లభించలేదు.

చేపల విషయం తెలుగు పాఠకులకు సులభంగా బోధపడుతుంది. గోదావరిలో పులస అని పిలువబడే చేపయే బెంగాల్‌లో ఇలిష్. సముద్రం నుండి నదికి ఎదురీది గుడ్లు పెట్టుట దాని స్వభావం. పూర్వం ఇది గంగలో అలహాబాదు వరకు పోయేది. 1975 తరువాత ఫరక్కాకు పైన అది దాదాపు కనుమరుగైనది. గోదావరి పులసకు ధవళేశ్వరం ఎట్లు హద్దు అయినదో, గంగలోని ఇలిష్‌కు ఫరక్కా అట్లు హద్దు అయినది. బీహారు జాలరులు ఒక జీవనాధారాన్ని కోల్పోయారు.

సరిహద్దుకు ఆవల కూడ నష్టం కలిగినది. 1976 మే నెలలో బంగ్లాదేశ్‌లో మౌలానా భాషానీ నాయకత్వాన ఫరక్కా వ్యతిరేక పాదయాత్ర జరిగినది. తాత్కాలిక ఒప్పందాలు కొన్ని గడచిన పిమ్మట, 1996 డిసెంబరు 12న ఉభయ దేశాలు 30 సంవత్సరాల కాలపరిమితితో గంగాజలాల ఒడంబడిక చేసుకొన్నవి. జనవరి నుండి మే వరకు ఫరక్కా వద్ద నదిలో 70,000 క్యూసెక్కులు గాని అంతకు తక్కువ గాని ఉన్నచో చెరి సగం, 75,000కు మించినచో భారతదేశానికి 40,000, మిగిలినది బంగ్లాదేశ్‌కు అని దానిలోని ముఖ్య సూత్రం.

రెండు ఋతువులు, రెండు కష్టాలు

బీహారు వాదనలో బలం ఉన్నది. నది గర్భం మెరక అయినచో అదే పరిమాణపు వరద ఎక్కువ ఊళ్లను ముంచుతుంది. దీనికి భిన్నమైన వాదన కూడ కలదు: ఫరక్కా వల్ల ఎగువన నీరు నిలిచే ప్రభావం పట్నా వరకు చేరదనీ, హిమాలయాల నుండి కోసీ, గండక్, ఘాఘ్రా నదులు తెచ్చే ఒండ్రే ముఖ్య కారణమనీ కేంద్ర సాంకేతిక నిపుణులు చెప్పారు. ఈ భేదాభిప్రాయం మాటలతో తీరేది కాదు. నది అడుగును ఏటేటా కొలిచి, ఆ కొలతలను అన్ని రాష్ట్రాల ముందు ఉంచినప్పుడే తీరుతుంది.

ఒక విషయం మాత్రం పంచాంగం చూచినవారికి సైతం విశదమగును. ఎగువవారి కష్టం శ్రావణ భాద్రపదాలలో వస్తుంది. దిగువవారి అవసరం ఫాల్గుణం మొదలు వైశాఖం వరకు ఉంటుంది. వరద రోజులలో మెటియాబ్రుజ్ బ్యారేజిని కోరదు. అప్పుడు హుగ్లీకి నీరు పుష్కలం. వేసవిలో నీటిమట్టం లేపినందువల్ల పట్నాకు వరద రాదు. వరద రోజులలో గేట్లు ఎత్తినప్పటికీ స్తంభాలు, గట్లు నదిని కొంత ఇరుకు చేస్తవి, ఏళ్ల తరబడి నిలిచిన ఒండ్రు తనంతట తాను పోదు అన్నది నిజమే. అయినను ఇరుపక్షాల అవసరాలు ఒకే నెలలో ఢీకొనడం లేదన్న సంగతి, చర్చకు ఒక దారి చూపుతుంది. గేట్ల నిర్వహణను మార్చుట, పేరుకొన్న ఒండ్రును తొలగించుట, చేపలకు దారి ఏర్పరచుట, కోతకు గురైన గట్లను కాపాడుట అనునవి తొలగింపుకు ముందు పరీక్షించవలసిన మార్గాలు.

అట్లు గాక బ్యారేజిని పూర్తిగా తొలగించినచో వేసవిలో కాలువ మట్టానికి నీరు లేవదు, కాలువ ఎండుతుంది. హుగ్లీలో ఉప్పు మరల పైకి వస్తుంది. రైలుకు, రహదారికి వేరు వంతెన కావలెను. విద్యుత్కేంద్రానికి వేరు నీరు కావలెను. బంగ్లాదేశ్‌తో నీటి పంపకం ఫరక్కా వద్ద కొలతపై ఆధారపడినందున, దానిని కూడ మార్చవలెను.

ధనం ఎవరిది?

అమెరికాలో అనేక చిన్న పట్టణాలు తమ నదులపై నిరుపయోగంగా మిగిలిన పాత ఆనకట్టలను తొలగించుటకు రాష్ట్ర, కేంద్ర ప్రభుత్వాల గ్రాంటులు కోరుచున్నవి. పెద్ద ఉదాహరణ వాషింగ్టన్ రాష్ట్రంలోని ఎల్వా నది. 1913లోను, 1927లోను పూర్తయిన రెండు ఆనకట్టలు సాల్మన్ చేపల దారిని మూసివేసినవి. ఆ చేపలే ఆధారమైన క్లాలమ్ తెగవారు నష్టపోయారు. 1992లో అమెరికా కాంగ్రెసు శాసనం చేసినది. 2011లో కూల్చుట మొదలై 2014లో పూర్తి అయినది. శాసనానికి, కూల్చుటకు మధ్య 19 సంవత్సరాలు గడిచినవి. ఆ కాలంలో జరిగిన పనులలో ముఖ్యమైనది దిగువనున్న పోర్ట్ ఏంజెలెస్ పట్టణపు నీటి రక్షణ. జలాశయాలలో నిలిచిన సుమారు 2 కోట్ల ఘనపు మీటర్ల ఒండ్రు ఒక్కసారి కదలినచో పట్టణానికి త్రాగునీరు ఉండదు. కాబట్టి కొత్త నీటిశుద్ధి ఏర్పాట్లను ముందు నిర్మించి, తరువాతనే ఆనకట్టలపై చేయి వేశారు. సుమారు 32.5 కోట్ల డాలర్ల ఆ ఖర్చులో గోడలు పడగొట్టుటకు అయినది ఒక భాగం మాత్రమే.

2024లో పూర్తియైన క్లామత్ నది నాలుగు ఆనకట్టల తొలగింపుకు నిర్ణయించిన 45 కోట్ల డాలర్లలో 20 కోట్లు ఆ విద్యుత్తు వాడిన వినియోగదారుల నుండి, 25 కోట్లు కాలిఫోర్నియా రాష్ట్ర బాండ్ల నుండి సమకూరినవి. ప్రయోజనం పొందినవారు, ప్రజాధనం కలిసి భారం మోసినవి.

ఫరక్కా పూర్తిగా కేంద్ర ప్రభుత్వ ధనంతో నిర్మించబడి, కేంద్ర శాఖ ఆధీనంలో ఉన్నది. కనుక దానివల్ల కలిగిన నష్టానికి గాని, దానిని మార్చుటకు గాని అయ్యే ఖర్చు ఒక్క బీహారుదీ కాదు, ఒక్క బెంగాలుదీ కాదు. 2005లో గట్ల రక్షణ కొరకు ఫరక్కా అధికారుల బాధ్యతా పరిధిని ఎగువన 40, దిగువన 80 కిలోమీటర్లకు విస్తరించారు. 2017లో ఆ పరిధి మరల కుదించబడినది. బ్యారేజి ఉండవలెనా అన్న చర్చ జరుగుచుండగనే, దాని పక్కన ఇల్లు కోల్పోయినవానికి ఎవరు బాధ్యులన్న ప్రశ్న తేలకుండ మిగిలినది.

గోదావరి, కృష్ణల అనుభవం

పాత కట్టడాన్ని మార్చుట తెలుగువారికి కొత్త కాదు. 1855లో పూర్తియైన విజయవాడ ఆనకట్టకు 1952లో గండి పడినది. దాని స్థానంలో ప్రకాశం బ్యారేజి 1957లో వెలిసినది. శిథిలమవుచున్న ధవళేశ్వరం ఆనకట్ట స్థానాన్ని, 1970లో మొదలై 1982లో పూర్తియైన బ్యారేజి తీసుకొన్నది. దానికి 1975లో ప్రపంచ బ్యాంకు ఋణసహాయం లభించినది. గోదావరి డెల్టాలో సుమారు పది లక్షల ఎకరాల సాగు ఆ గోడపై ఆధారపడినందున, కొత్త కట్టడం సిద్ధమగు వరకు పాతదానిని కాపాడుచూ పని సాగించవలసి వచ్చినది.

ఎల్వా నదిలో ఆనకట్ట పోయినది. గోదావరిలో ఆనకట్ట మారినది. రెండు చోట్లను పాటించిన క్రమం ఒక్కటే: దిగువవారి నీటికి భరోసా ముందు, పాత గోడ సంగతి తరువాత. ఫరక్కా విషయంలో దీనికి మరొక షరతు చేర్చవలసి ఉన్నది. దిగువవారి అవసరాన్ని చూపి ఎగువవారి నష్టాన్ని ఏళ్ల తరబడి వాయిదా వేయుట న్యాయం కాదు. భాగల్పూర్ జాలరి, పంచానందపూర్ రైతు ఇన్నేళ్లుగా చెల్లించినది కూడ ఈ బ్యారేజి ఖర్చులో భాగమే. అది ఏ లెక్కల పుస్తకంలోను చేరలేదు. మెటియాబ్రుజ్‌లోని దర్జీ దుకాణానికి కుళాయి నీరు చవుకగా రావడానికి ఎగువన ఇంకొకరు మూల్యం చెల్లిస్తున్నారన్న ఎరుక ఆ పేటలో కలగాలి. తాము తొలగించుమని కోరే గేట్ల వెనుక లక్షల మంది త్రాగునీరు ఉన్నదన్న ఎరుక పట్నాలో కలగాలి. ఈ రెండు లెక్కలను ఒకే కాగితంపై వ్రాసినప్పుడే, ఉంచుట, మార్చుట, తొలగించుట అను మూడింటిలో ఏది తగునో నిర్ణయించుట సాధ్యం.

విద్యార్థులు చర్చించవలసిన ప్రశ్నలు

1. ఆనకట్టకు, బ్యారేజికి గల భేదమేమి? ఫరక్కా గేట్లను వేసవిలో పూర్తిగా ఎత్తివేసినచో హుగ్లీలో ఏమి జరుగును?

2. ఎగువవారి కష్టం, దిగువవారి అవసరం వేర్వేరు ఋతువులలో వచ్చుట సమస్య పరిష్కారానికి ఎట్లు తోడ్పడగలదు?

3. ఎల్వా నది ఆనకట్టలను కూల్చుటకు ముందు పోర్ట్ ఏంజెలెస్ పట్టణం కొరకు ఏమి చేశారు? ఫరక్కాను తొలగించదలచినచో మెటియాబ్రుజ్ కొరకు ఏమి చేయవలసి ఉండును?

4. మీ జిల్లాలోని ఒక పాత ఆనకట్టను గాని, చెరువు కట్టను గాని తీసుకొని, దానివల్ల మేలు పొందేవారెవరో, నష్టపోయేవారెవరో విచారించి రెండు పట్టికలు వ్రాయండి.